అరవై మూడు ముళ్ల తాడు

కమ్మరి సులేకు దెబ్బ వేస్తే పళ్లు రాలతాయే గాని దవడ విరగదని చుట్టుపక్కల ఆరు ఊళ్లలో పేరు. ఇదెక్కడి పేరని ముక్కున వేలేసుకోకండి. ఇది వెయ్యేళ్ల కిందటి మాట. పోలన్లనే తెగవాళ్ల రాజుగారు క్రైస్తవం పుచ్చుకున్నాక జనాన్నంతా ఏట్లో ముంచి లేపారు, పాత దేవుళ్ల కొయ్యబొమ్మల్ని పొయ్యిలో పెట్టించారు. అంతటితో ఊరుకున్నారా? ఈస్టర్‌కి ముందు తొమ్మిది వారాల్లో ఎవరు మాంసం ముట్టినా ముందుపళ్లు రాలగొట్టమని శాసనం వేశారు. శాసనం వెయ్యడానికి రాజుగారున్నారు సరే, పళ్లు రాలగొట్టడానికి ఎవరో ఒకరుండాలి కదా. ఊళ్లో సుత్తి పట్టేవాడు సులేకే. పని తెలిసినవాడు చేస్తేనే నయమని తనకు తాను సర్దిచెప్పుకుని ఒప్పుకున్నాడు.

ఆరు ఊళ్లకూ పాదిరి ఒక్కడే, పేరు గెరోల్డు. పడమటి దేశం మనిషి. ఏరు పొంగితే వారాల తరబడి ఇటు రాలేడు. అందుకని ఉపవాసం మొదలయ్యే ఆదివారం ఇంటికొక తాడు పంచేవాడు. తాడుకు అరవై మూడు ముళ్లు. రోజుకొకటి విప్పాలి. ఆఖరి ముడి విప్పిన మర్నాడే ఈస్టర్. అక్షరం ముక్క రాని జనానికి అంతకంటే మంచి పంచాంగం ఎక్కడ దొరుకుతుంది?

నిరుడు ఏటికి ఇవతల ఉండే విట్కో పండక్కి రెండు రోజుల ముందే పంది కొవ్వు నాకుతూ దొరికిపోయాడు. "ముడి తప్పిందిరా సులేకూ, నా పిల్లల మీద ఒట్టు!" అని లబోదిబోమన్నాడు. "దొరికినోళ్లంతా ఇదే పాట పాడతారు. నోరు తెరువు," అన్నాడు సులేకు.

ఆ రోజునుంచి కమ్మరింటి గడప తొక్కిన మనిషి లేడు. పని ఉంటే విరిగిన నాగలి తెచ్చి ఇంటి ముందు కాలవ గట్టు మీద పడేసి, ఒక కేకేసి పోయేవారు. సులేకు పెళ్లాం రాదోస్తా నీళ్లకు వెళితే ఆడవాళ్లు బిందెలెత్తుకుని ముఖం చాటేసేవారు. ఆ పిల్లకు మాట్లాడటానికి అత్త బోగ్నా తప్ప దిక్కు లేదు. బోగ్నాకేమో నోట్లో ఒక్క పన్నూ లేదు, చెవి కూడా అంతంతమాత్రమే.

ఈ ఏడు ఉపవాసం సగంలో ఉండగా రాదోస్తాకు ఆడపిల్ల పుట్టింది. రెండు రోజులు నొప్పులు పడి, చచ్చి బతికింది. ఆ తర్వాత వారానికి సులేకుకు ఏటి అవతలి కోటనుంచి పిలుపొచ్చింది. కొత్త చర్చి తలుపులకు ఇనుప పట్టీలు కావాలట. వెళ్లాడు, వెళ్లిన మూడోనాడే ఏరు పొంగింది. మూడు వారాలు ఇంటి కబురే లేదు.

నీళ్లు తగ్గిన రోజు శుక్రవారం. క్రీస్తును శిలువ వేసిన శుక్రవారం. పడవలో సులేకు, గెరోల్డు పాదిరి, కోట అధికారి నీమిర్ వచ్చారు. దిగి నాలుగడుగులు వేశారో లేదో, కాలుతున్న పంది మాంసం వాసన గుప్పుమంది.

"ఎవడ్రా వాడు, ఇంత తెగించినవాడు?" అని నీమిర్ ముక్కు ఎగబీల్చాడు.

పొగ తన ఇంటి కప్పులోంచే వస్తోందని సులేకుకు అప్పటికే తెలిసిపోయింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. గడపలో రాదోస్తా, చంకలో బిడ్డ, తలకు ఉతికిన గుడ్డ, పెదాల మీద నెయ్యి పూసినట్టు కొవ్వు మెరుపు. మొగుణ్ణి చూసి ఆ పిల్ల ముఖం చాటంతయింది.

"క్రీస్తు లేచాడయ్యా! సరిగ్గా పండగ పూటకే వచ్చావు! బాబుగారూ, పాదిరిగారూ, రండి రండి, వేడిగా ఉంది, ఒక ముక్క తినండి," అంటూ కొయ్య పళ్లెం నేరుగా నీమిర్ ముందుకు చాపింది.

నీమిర్ పళ్లెం వంకా ఆమె పెదాల వంకా మార్చి మార్చి చూశాడు.

"అమ్మా," అన్నాడు పాదిరి చివరికి, వచ్చీరాని భాషలో, "ఈరోజు లేవలేదు. ఈరోజు చనిపోయారు."

రాదోస్తా నవ్వు అలాగే ఉండిపోయింది. "అదేంటి? ముళ్లన్నీ అయిపోయాయి కదా. నిన్న పొద్దునే ఆఖరిది విప్పాను." లోపలికి పరుగెత్తి తాడు తెచ్చి చూపించింది. ఒక్క ముడీ లేదు.

"ఒక్కరోజూ మరిచిపోలేదా?" అన్నాడు పాదిరి.

"ఎందుకు మరిచిపోతానండీ! నొప్పులు పడ్డ రెండు రోజులు విప్పలేకపోయాను. లేచిన రోజు గుర్తుపెట్టుకుని ఆ రెండూ కలిపి విప్పాను."

మూలనుంచి చెవి రిక్కించి వింటున్న బోగ్నా అందుకుంది. "ఒసే పిల్లా... ఆ రెండ్రోజులూ నేను విప్పానే. నువ్వు మంచం మీదున్నావని, దేవుడి పని ఆగకూడదని..." ముసలిది నెత్తి బాదుకుంది.

ఇంత భక్తితో ఇంత తప్పు చేసినవాళ్లు పోలన్ల నేల మీద మరొకరు ఉండి ఉండరు. పక్కింటి తాడుతో ఒక్కసారి పోల్చి చూసుకుంటే సరిపోయేది. పక్కిల్లు మాట్లాడితే కదా!

కాలవ అవతల అప్పటికే జనం గుమిగూడారు. ముందు వరసలో విట్కో ఉన్నాడు. "పొద్దున్నే పొగ చూశా. చెబుదామా అనుకున్నా. నిరుడు మనకెవరు చెప్పార్లే అని ఊరుకున్నా," అని పళ్లు లేని చిగుళ్లు బయటపెట్టి నవ్వాడు.

"తెలియక చేసింది బాబూ! పచ్చి బాలింత, పాలిచ్చే తల్లి," అని సులేకు నీమిర్ కాళ్ల మీద పడ్డాడు.

"బిడ్డ తాగేది రొమ్ములోంచి, పళ్లలోంచి కాదు," అన్నాడు నీమిర్. "పండక్కి పడమటి చక్రవర్తి రాయబారులు కోటకొస్తున్నారు. మన రాజుగారికి ఆయన ఇచ్చే కిరీటం కావాలి. కమ్మరి పెళ్లాం శిలువ శుక్రవారం పంది కాల్చి పాదిరికే వడ్డించిందని వాళ్ల చెవిన పడితే, వీళ్లింకా అడవి మనుషులేనని నవ్వి పోతారు. పళ్లు పోయాయని కూడా తెలిస్తే నవ్వరు."

"అయితే నావి రాలగొట్టండి. అన్నీ!"

"నువ్వు తినలేదుగా. మూడు వారాలూ నా ఎదుటే జావ తాగావు. నేనే సాక్షిని."

"నేనూ తిన్నా, నన్ను కొట్టు!" అని బోగ్నా నోరు తెరిచింది. నీమిర్ తొంగిచూసి పకపకా నవ్వాడు. "నీకు దేవుడు ముందే వేసేశాడే అవ్వా శిక్ష."

పాదిరి మాత్రం శిలువ పట్టుకుని ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. నోరు పెగలని పిరికివాడు, ఇంకేం చేస్తాడు!

"నువ్వు కొట్టనంటే చెప్పు కమ్మరీ," అన్నాడు నీమిర్. "విట్కోకిస్తాను సుత్తి."

విట్కో అప్పటికే కాలవ దాటి వచ్చేశాడు.

రాదోస్తా బిడ్డను అత్త ఒళ్లో పెట్టింది. పెదాల మీది కొవ్వు కొంగుతో తుడుచుకుంది. వచ్చి కొలిమి ముందు మొద్దు మీద కూర్చుంది. "నువ్వే కొట్టయ్యా. నీ దెబ్బ శుభ్రంగా ఉంటుందంటారుగా అందరూ," అంది.

సులేకు ఆమె పళ్లకు కొయ్య చీల ఆనించాడు, సుత్తి ఎత్తాడు. పైన రెండు, కింద రెండు. చెయ్యి వణకలేదు. ఒక్కసారైనా వణికి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నిసార్లు ఏడ్చాడో. దవడ విరగలేదు. చూసినవాళ్లు కూడా మెచ్చుకున్నారు, వాళ్ల నోళ్లు పడిపోను.

ఆదివారం నిజం పండగ వచ్చింది. ఊరంతా మాంసం వాసన. విట్కో ఇంట్లో పాటలు. సులేకు మిగిలిన పంది మాంసం మెత్తగా దంచి, వేడినీళ్లలో కలిపి గిన్నెతో పెళ్లాం దగ్గరికి వెళ్లాడు. "రెండు గుక్కలు తాగు రాదోస్తా. పిల్లకు పాలు పడాలి కదా," అని బతిమాలాడు.

ఆమె గిన్నె వైపు చూడలేదు. ఉబ్బిన ముఖం కిందికి వంచుకుని ఏదో పనిలో ఉంది. ఒళ్లో ఆ తాడే. ఒక కొసనుంచి ముళ్లు వేసుకుంటూ వస్తోంది, ఒక్కొక్కటీ గట్టిగా బిగించి. ఆఖరిది వేసి తాడు అతని చేతిలో పెట్టింది. మాట గాలిలా తుస్సుమంటూ వచ్చింది గాని, అతనికి అర్థమైంది.

"వచ్చే ఏడు నువ్వే విప్పు. నా నోట్లో ఇంకా పళ్లున్నాయి."

సులేకు గిన్నె కింద పెట్టి ముళ్లు లెక్కపెట్టాడు. సరిగ్గా అరవై మూడున్నాయి.