పిండిసంచిలో పెనం

"మూత దించండి!"

వంటాయన ఎలియుఫో అరిచింది ఒక్కరి కోసం. విన్నది పద్నాలుగు మంది. పొద్దున్న ఎనిమిదింటికి కొండ గేటు దగ్గర ఎవరి మాట ఎవరికి సవ్యంగా చేరింది గనక! కాటా దగ్గర కాపలావాళ్ల కేకలు, అరటిపళ్లమ్మే ఆడవాళ్ల కేకలు, చేతికర్రల బేరాలు, వీటన్నిటి మధ్యా కొండెక్కబోయే అతిథుల హడావిడి. ఆ గోలలో 'మూత' కాస్తా 'మోత' అయి కూర్చుంది. తూకం ముగించుకుని, బరువులు నెత్తికెత్తుకుని, నాలుగడుగులు వేసేసిన కూలీలు పదమూడు మందీ టక్కున ఆగి ఎక్కడివాళ్లక్కడ మోతలు దించేశారు. గుడారాలు దిగాయి, మడతకుర్చీలు దిగాయి, గ్యాసు సిలిండర్లు దిగాయి. కోడిగుడ్లు మోస్తున్న వలేరియన్ మాత్రం పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా దించి, నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఏం పెద్దాయనా, కొండెక్కకముందే మోత దించమంటావు? శిఖరం ఇక్కణ్ణించే చూపించి పంపేద్దామా వాళ్లని?"

అందరూ గొల్లుమన్నారు. ఎలియుఫో కూడా నవ్వాడు. నేనన్నది అది కాదర్రా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. వాళ్లు నవ్వుతున్నంతసేపూ కాటా వైపు చూడరు, ఆయనకు కావలసిందీ అదే. "ఎత్తండెత్తండి, పొద్దెక్కిపోతోంది" అని చేతులు ఊపాడు.

కాటా మీద వంటింటి మోత ఉంది. ముల్లు ఇరవై కిలోల గీత దాటి, తొమ్మిది వందల గ్రాముల అవతల నిలబడి ఆయన్నే చూస్తోంది. మనిషికి ఇరవై. అంతకు ఒక్క పిసరు ఎక్కువైనా గేటు దాటనివ్వరు. ఆ మోత మొయ్యాల్సిన పద్నాలుగో కూలీ ఐకా ఆయన పక్కనే ఉంది. ఆమె ఒక్కతే సరిగ్గా విన్నది.

"మూతా బాబాయ్?" అంది గొంతు తగ్గించి. "పెద్ద డేగిసా మూతా? అది లేకపోతే పైన నీళ్లు మరుగుతాయా?"

"చెప్పింది చెయ్యి."

ఐకా తాడు విప్పి మూత తీసి అరటిపళ్ల ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని వెల్లకిలా వేసి అందులో పళ్లు పేర్చుకుంది. ముల్లు వెనక్కొచ్చి ఇరవై మీద బుద్ధిగా నిలబడింది.

బుద్ధి లేనిది ఎలియుఫోకే. అదనపు బరువు ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకు తెలుసు. పిండిసంచి నడుమ, పిండిలో పీకల్లోతు పూడ్చిపెట్టిన ఇనప పెనం అది.

ఇరవై రెండేళ్లుగా ఆ కొండ మీద వంట చేస్తున్నాడు. ఆయన కూర గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు, మంచీ లేదు, చెడ్డా లేదు. అట్టు మాత్రం అలా కాదు. గాలికి గుడారాలు ఊగిపోయే చోట, అంచు కరకరలాడుతూ నడుమ దూదిలా ఉండే తియ్యటి అట్లు వేసేవాడు. అతిథులు ఒక్కటి చాలంటూ కూర్చుని, అట్టున్నర తింటేగానీ లేచేవారు కాదు. అలాంటిది, పోయినేడు యాత్రలు నడిపే కంపెనీవాళ్లు పాత సామానంతా మూలపడేసి తేలిక గిన్నెలు కొన్నారు. వాళ్లు చేసింది తప్పేం కాదు. పల్చటి గిన్నె తొందరగా కాగుతుంది, కూలీ మెడను కాస్త తెరిపిన పడేస్తుంది, గ్యాసూ మిగులుతుంది. కాకపోతే ఆ కొత్త పెనం మరీ ఉఫ్ మంటే ఎగిరిపోయే రకం. నడుమ మాడుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది. కిందటి విడతలో ఒకావిడ ఆ మాడినదాన్ని కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది. పెద్ద గైడు కిసాంగా అది చూసి, "ఏం అన్నా, ఇది అట్టా, అట్టముక్కా?" అన్నాడు.

సరదాకే అన్నాడు. కానీ ఆ అట్టముక్క వెళ్లి ఎలియుఫో గుండెకు అంటుకుంది. అందుకే ఈసారి ఎవరికీ చెప్పకుండా పాత పెనం తెచ్చాడు. పేరు తనది, పెనుభారం ఐకాది.

ఐకాది వాళ్ల ఊరే. మూడేళ్లుగా మోతలు మోసి మోసి మెడనరాలు తాళ్లలా పైకి తేలాయి. ఈ విడత వంటింటి పని సాఫీగా సాగితే, వచ్చే విడత నుంచి సహాయ వంటమనిషిగా తీసుకుంటానని కిసాంగా మాటిచ్చాడు. అంటే తల మీద ఇరవై కిలోలు దిగి చేతిలోకి గరిటె వస్తుంది. ఆ మాట ఇప్పించింది ఎలియుఫోయే. "పిల్ల చురుకు, నాది పూచీ" అన్నాడు.

చురుకే. బీన్సు గింజల్ని పొద్దున్నే మూత బిగించిన డబ్బాలో నీళ్లు పోసి నానేసేది, నడిచినంతసేపూ అవి నెత్తి మీదే నానేవి. కూరలు గోరంత ముక్కలుగా తరిగేది. బియ్యం ముప్పాతిక ఉడకగానే పొయ్యి ఆర్పి, చిన్న గిన్నెను తన దుప్పట్లో చుట్టి పక్కన పెట్టేది. మిగతా పావువంతూ దుప్పటే ఉడికించేది. కానీ పదహారు మంది తినే పెద్ద డేగిసాకు దుప్పటి చుట్టి లాభమేముంది, నెత్తిన మూత లేనిదే! కింద మంట, పైన కొండగాలి. కింద పెట్టింది పెట్టినట్టే పైనుంచి ఆవిరై పోతోంది. మూడు రోజులు రావాల్సిన మొదటి సిలిండరు రెండో సాయంత్రానికే నీలుగుతూ నీలి మంట ఆర్పేసుకుంది.

మూడో మజిలీలో కిసాంగా వంట గుడారంలోకి తల పెట్టాడు.

"ఎలియుఫో అన్నా, గ్యాసు వండుతున్నావా, తాగుతున్నావా? ఇంకా సగం కొండ ఉంది." అంటూనే డేగిసా వైపు చూశాడు. "దీని మూతేదీ?"

ఆ క్షణాన డేగిసాకే కాదు, ఎలియుఫో నోటికీ మూత లేకపోయింది.

"గేటు దగ్గర జరిగింది తమ్ముడూ. కాటా మీంచి మోత దించమని నేనరిచాను. ఈ పిల్ల మూత అనుకుని తీసి పారేసినట్టుంది."

సాక్షులు వెతుక్కోనక్కర్లేకపోయింది. గుడారం బయట కంచాలతో కూర్చున్నవాళ్లే ఎగబడి సాక్ష్యం చెప్పారు. "అవునవును! మోత దించమనే అన్నాడు, మేమంతా దించాంగా!"

ఐకా గరిటె ఆపింది. ఎలియుఫో మొహంలోకి చూసింది. ఆయన ఉల్లిపాయల వైపు చూశాడు. కళ్లలో నీళ్లొస్తే తప్పు వాటి మీదికి తోసెయ్యచ్చు.

"పొరపాటు నాదే," అంది ఐకా. మళ్లీ కలపడం మొదలుపెట్టింది.

"మూతమ్మా!" బయట్నించి వలేరియన్ అందుకున్నాడు. "నాకు ఉప్పు కావాలి తల్లీ, పప్పు అనుకునేవు!"

నవ్వులు. కిసాంగా మాత్రం నవ్వలేదు. "చెప్పింది చెప్పినట్టు వినలేని మనిషికి పొయ్యి ఎలా అప్పగిస్తాను? వచ్చే విడత కూడా నువ్వు మోతే మోద్దువుగాని" అని వెళ్లిపోయాడు.

ఆ పూట కూడా ఐకా, పెద్దవాడని, ఎప్పటిలాగే మొదటి ముద్ద ఎలియుఫో కంచంలోనే పెట్టింది. ఆయన దాన్ని మంచినీళ్లతో మింగాడు. నీళ్లు చల్లగానూ ఉన్నాయి, చేదుగానూ ఉన్నాయి. ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాడు. అంతలో వలేరియన్ ఏదో జోకు వేశాడు. సరే, తిన్నాక చెబుదాం అనుకున్నాడు. తిన్నాక, పైకెళ్లాక అనుకున్నాడు. సిగ్గుకు కూడా వాయిదాల పద్ధతి ఉంటుందని యాభై రెండేళ్లొచ్చాక తెలిసింది ఆయనకు.

ఇంతకీ ఆ పెనం మీద ఒక్కటంటే ఒక్క అట్టు పోశాడా? ఎలా పోస్తాడు! బయటికి తీస్తే బరువు సంగతి బయటపడుతుంది. అంత తంటా పడి తెచ్చుకున్న పెనం పిండిలో, తను ఆ కొత్త రేకు మీద మళ్లీ అట్టముక్కలు మాడుస్తూనే ఉన్నాడు.

నాలుగో మధ్యాహ్నం చివరి మజిలీ చేరారు. అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవు. నీళ్లు కూడా కింది వాగు నుంచి మోసుకురావాల్సిందే. రెండో సిలిండరు అడుగంటింది. దాన్ని గోరువెచ్చని నీళ్ల బేసిన్లో కూర్చోబెట్టి, బుజ్జగించి, ఉన్న కాస్త గ్యాసూ పిండుతున్నాడు ఎలియుఫో. శిఖరానికి బయలుదేరే అతిథుల సీసాలకు ముందు నీళ్లు మరగాలి, అది రూలు. అవి అయ్యేసరికి మంట కొవ్వొత్తంత అయింది. అప్పుడు కూలీల ఉగాలికి, అంటే మొక్కజొన్న పిండి ముద్దకు, ఎసరు పెట్టారు. అరగంటైనా ఎసరు రాలేదు. కిర్రుమనడం లేదు, కదలడం లేదు, పలచటి ఆవిరి మాత్రం గాలికి పోతోంది.

కూలీల్లో అందరికన్నా పెద్దవాడు మసావే తాత. చంకల్లో చేతులు పెట్టుకుని వంట గుడారం దగ్గరికొచ్చాడు. పెదాలు నల్లబడ్డాయి.

"ముద్ద సంగతి తర్వాత చూద్దాం గానీ, ఓ కప్పు వేన్నీళ్లు ఇవ్వమ్మా. లోపల వణుకు ఆగట్లేదు."

"వేడెక్కట్లేదు తాతా. ఒక్క రవ్వ ఆగు."

ఐకా నాలుగు రేకు కంచాలు తీసింది. డేగిసా మూతికి అడ్డంగా పరిచింది. గాలి ఒకదాన్ని ఎగరేసింది. పట్టుకొచ్చి మళ్లీ పెట్టి, ఈసారి రెండు చేతులూ చాపి వాటిని అదిమి పట్టుకుంది. కంచాల సందుల్లోంచి ఆవిరి వచ్చి వేళ్లను కాలుస్తోంది, పైనుంచి గాలి ముంజేతుల్ని కొరుకుతోంది. చేతులు మార్చుకుంటోందిగానీ తియ్యడం లేదు.

మూతమ్మ నిజంగానే మూత అయి కూర్చుంది.

పిండిసంచి ఎలియుఫో మోకాలికి తగులుతోంది. అందులో ఉన్న పెనం ఆ డేగిసా మూతికి అచ్చంగా సరిపోతుంది. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు, ఆయనకు తెలుసు. పాతరోజుల్లో అట్లు లేనప్పుడు దాన్ని మూతగానే వాడేవాడు. అంటే మూత నాలుగు రోజులుగా వాళ్ల వెంటే ఉంది. ఈ పిల్ల నెత్తి మీదే ఉంది. నోరు విప్పితే పరువు పోతుందని తను సంచి నోరు విప్పలేదు. ఇప్పుడు ముసలాయన వణుకుతున్నాడు, పిల్ల వేళ్లు కాలుతున్నాయి, తన పరువు మాత్రం పిండిలో వెచ్చగా పడుకుని ఉంది.

"చేతులు తియ్యమ్మా," అన్నాడు.

సంచి ముడి విప్పి మోచేతుల దాకా లోపలికి దూర్చాడు. పెనం బయటికొచ్చింది, ఒళ్లంతా విభూతి పూసుకున్న దొంగ సన్నాసిలా. కంచాలు పక్కకు నెట్టి దాన్ని డేగిసా మీద బోర్లించాడు. ఠంగుమంది. ఎక్కడా వెంట్రుకంత సందు లేకుండా కూర్చుంది.

ఆ ఠంగు విని ఒక్కొక్కరే చేరారు. కిసాంగా అందర్నీ తోసుకుని ముందుకొచ్చాడు.

"ఇదెక్కడిది?"

"నాదే. గేటు దగ్గర్నించీ ఉంది. పిండిలో దాచాను." ఎలియుఫో తలెత్తలేదు. "ఐకా చేత మోయించాను. ఆమెకు తెలీదు."

"ఎందుకు తెలీదు బాబాయ్?" అంది ఐకా, కమిలిన వేళ్లు నోటితో ఊదుకుంటూ. "పిండేదో పెనమేదో నా మెడకు తెలీదా? రోజూ పిండి తరుగుతోంది, బరువు తరగట్లేదు."

ఆయనకు భూమి చీలితే బాగుండుననిపించింది. అది రాతినేల, చీలలేదు.

"మరి... చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని."

డేగిసా లోపల్నించి చిన్నగా గుసగుస మొదలైంది. ఎసరు. ఐకా పెనం అంచు కొంచెం ఎత్తి కప్పు ముంచి మసావే తాతకు అందించింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా కాసేపు గుండెకు ఆనించుకున్నాడు. కిసాంగా ఎలియుఫో భుజం మీద ఉన్న గుడ్డ తీసి ఐకా భుజం మీద వేశాడు. నేల మీదున్న పెద్ద గరిటె తీసి ఆమె చేతికిచ్చాడు.

"వచ్చే విడతే కాదు, ఇప్పట్నించే. అన్నా, నీ సంగతి కిందకి దిగాక మాట్లాడదాం."

"పెనం నేనే మోస్తాను," అన్నాడు ఎలియుఫో.

వలేరియన్ ఇందాకట్నించీ బుర్ర గోక్కుంటున్నాడు. "ఉండండుండండి, నాకో ముక్క అర్థం కాలేదు. ఆ రోజు గేటు దగ్గర నువ్వన్నది మోతా, మూతా? మేమంతా మోత అనే విన్నాం గదా పెద్దాయనా!"

పదిహేను మొహాలు ఆయన వైపు తిరిగాయి. ఈసారి ఉల్లిపాయలు కూడా లేవు చూడ్డానికి.

"మూత అనే అన్నాను," అన్నాడు ఎలియుఫో, వెనకవాళ్లకు కూడా వినపడేలా. "పెనం బరువు సరిపెట్టడానికి మూత దించమన్నాను. గోలలో మీరు పదమూడు మందీ మోత అని విన్నారు. ఐకా ఒక్కతే ఉన్నదున్నట్టు విన్నది. మూత లేకపోతే నీళ్లు మరగవని అప్పుడే చెప్పింది కూడా. నోరు మూయించింది నేను. ఆ తర్వాత మీరు తప్పుగా విన్నదాన్ని పట్టుకెళ్లి ఆమె చెవికి తగిలించిందీ నేనే."