ఎడమ గ్లౌజు

మా లాండ్రీ ముందున్న బోర్డు మీద షాపు పేరుకంటే పెద్ద అక్షరాలతో 'పోని మరక లేదు' అని రాయించాను. గొప్పలకు పోయి రాయించానని మా ఆవిడ అంటుంది గానీ, ముప్పై ఏళ్లుగా అది నిజం. సిరా, తుప్పు, నెత్తురు, గ్రీజు, ఏదైనా సరే, నా చేతిలో పడ్డాక రెండు రోజుల్లో తోక ముడవాల్సిందే. అలాంటి నన్ను నా కన్నకూతురు తన గ్లౌజులు ముట్టుకోనివ్వదు.

అమ్మాయి స్కూలు ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. పదహారేళ్లది. ఎటు వచ్చిన బంతినైనా ఎగిరి పట్టేస్తుందని జట్టు పిల్లలు దానికి 'పిల్లి' అని పేరు పెట్టారు. ఇంట్లో మేమూ అలాగే పిలుస్తాం, తిట్టేటప్పుడు తప్ప. రెండేళ్ల కిందట దాని మొదటి గ్లౌజుల వాసన భరించలేక, చెప్పకుండా పట్టుకెళ్లి వేడినీళ్లు, బ్లీచింగు పోసి మిషన్లో తిప్పేశాను. చాలదన్నట్టు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేశాను. తళతళలాడుతూ వచ్చాయి. కానీ అరచేతి వైపు ఉండే మెత్తటి స్పాంజి బిగుసుకుపోయి, పగుళ్లిచ్చి, వేళ్లు మడిస్తే పొడిపొడిగా రాలింది. ఆ మెత్తదనమే బంతిని పట్టి ఉంచుతుందట. నాకేం తెలుసు? మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది, ఇకమీదట గ్లౌజుల జోలికి రావద్దని చెప్పడానికి.

అప్పట్నుంచి ప్రతి మ్యాచ్ అయ్యాక స్నానాలగదిలో పీట వేసుకుని, బకెట్లో గోరువెచ్చని నీళ్లు పట్టుకుని తనే కడుక్కుంటుంది. సబ్బు పెట్టదు, బ్రష్షు తగలనివ్వదు. బొటనవేలితో ఒక్కో వేలినీ నొక్కుతూ, బురద వదిలేదాకా నీళ్లు మారుస్తుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి అదుముతుంది. కిటికీ పక్కన నీడలో వేళ్లు పైకి ఉండేలా తగిలిస్తుంది. నేను తలుపు దగ్గర నిలబడి అడగని సలహాలు చెబుతుంటాను. అది వినిపించుకోదు. ఆ చేతుల్లోని శ్రద్ధ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నాకు తెలుసు. చూస్తుంటే కడుపు నిండిపోతుంది, పైకి మాత్రం అనను.

జెర్సీ ఒక్కటీ నాకు వదిలేసింది. పోయిన వానాకాలం అది ఎడమవైపు దూకి గోలు స్తంభానికి కొట్టుకుంటే భుజం జారింది. ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడేసుకుని తిరిగింది. పూర్తిగా నయమైందని డాక్టరు చెప్పాకే, నాలుగు నెలల కిందట కొత్త గ్లౌజులు కొనిచ్చి మళ్లీ మైదానానికి పంపాం. సరిగ్గా అప్పుడే నేను పచ్చిక మరకల కోసం ఒక కొత్త మిశ్రమం తయారుచేశాను. అందులో వెనిగరు, సోడా, ఇంకో రెండు ఉంటాయి, అవి చెప్పను. కొత్త మందు ఏదైనా ముందు ఒక పక్కకే వేసి చూడటం మా పనిలో అలవాటు. అందుకని జెర్సీ ఎడమ పక్కకు కొత్త మిశ్రమం, కుడి పక్కకు పాత సబ్బు పెట్టి ఒక్క రాత్రి నానేశాను.

ఫలితం చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను. కుడి పక్క తుంటి దగ్గర, మోచేతి దగ్గర పచ్చటి నీడ మిగిలింది. ఎడమ పక్క కొత్తబట్టలా వచ్చింది. వారం వారం ఇదే వరస. అందరికీ తేడా కనపడాలని రెండు పక్కలూ అలాగే వేరువేరుగా ఉతుకుతూ, ఆ జెర్సీని మళ్లీ మ్యాచ్ వచ్చేదాకా షాపు గుమ్మానికి వేలాడదీసి, వచ్చినవాళ్లందరికీ వేలుపెట్టి చూపించాను. పక్క షాపు మంగలాయన ముచ్చటపడి ఒక సీసా పట్టుకెళ్లి, జుట్టురంగు అంటిన తన కోటుకు రాసి, ఏమీ పోలేదని మొహం మాడ్చుకుని వచ్చాడు. రాయడం నీకు చేతకాలేదని పంపించేశాను. ఒకరోజు అమ్మాయి స్కూలు నుంచి వస్తూ గుమ్మంలో వేలాడుతున్న జెర్సీని చూసి ఆగింది. నేను దాని ముందే ఇంకొకరికి ఎడమ పక్క చూపిస్తున్నాను. అది తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. తన బట్టలు నలుగురిలో పెట్టానని సిగ్గుపడిందనుకున్నాను.

ఒక ఆదివారం మ్యాచ్ నుంచి ఆలస్యంగా వచ్చింది. మర్నాడు పరీక్ష. వేరే దారిలేక గ్లౌజులు నా చేతికిచ్చి, ఏం చేయాలో ఏం చేయకూడదో నాతో రెండుసార్లు అప్పజెప్పించుకుని మరీ చదువుకోవడానికి వెళ్లింది. రెండేళ్ల తర్వాత దొరికిన అవకాశం. పీట వేసుకుని బుద్ధిగా కూర్చున్నాను. ముందు కుడిది తీసుకున్నాను. అరచేతి స్పాంజి చాలాచోట్ల చెక్కుకుపోయింది. చిటికెన వేలి పక్క కుట్టు ఊడింది. మణికట్టు దగ్గర అచ్చువేసిన సైజు నంబరు చెరిగి కనపడకుండా పోయింది. తర్వాత ఎడమది నీళ్లలో ముంచాను. పైపై మట్టి ఒక్క నొక్కుకే పోయింది. కింద స్పాంజి నున్నగా, షాపులో కొన్న రోజులాగే ఉంది. సైజు నంబరు చక్కగా చదువుకోవచ్చు.

గ్లౌజులకు నా మిశ్రమం ఎవరూ రాయలేదు కదా.

లేచి వెళ్లి, సంచిలో ఉండచుట్టి ఉన్న జెర్సీని తీసి, ఉత్త నీళ్లలో జాడించాను. సంచిలో నలిగి అంటిన బురద రెండు పక్కలా కరిగిపోయింది. కుడి తుంటి మీద నేలకు రాసుకుని దిగిన పచ్చిక మరక మిగిలింది. ఎడమ పక్క ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. నాలుగు నెలలుగా నా మిశ్రమం లేని మరకను పోగొడుతోంది. ఆ భుజం జారినప్పట్నుంచి నా కూతురు ఎడమవైపు ఒక్కసారి కూడా పడలేదు. ఆ సంగతిని నేనే గుమ్మానికి తగిలించి ఊరందరికీ చూపించాను.

మా ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. రాగానే చెప్పాను. ఆవిడకు ముందే తెలుసు. ఎడమవైపు బంతులన్నీ గోలవుతున్నాయని స్కూలు కోచ్ ఆవిడతో అన్నాడట. రెండు వారాల్లో నగర జట్టుకు సెలక్షన్ ఉంది, అప్పటికీ ఇలాగే ఉంటే పిల్లి ఆ ఆశ వదులుకోవాల్సిందేనన్నాడట. ఏడేళ్ల వయసు నుంచి ఆ పిల్ల కలవరించేది ఆ జట్టు గురించే. నాకెందుకు చెప్పలేదని విరుచుకుపడ్డాను. ఆవిడ నాకంటే నెమ్మదిగా మాట్లాడుతుంది, అందుకే ఎక్కువ తగులుతుంది.

"మీరు చెప్పనిచ్చారా? ఎడమ పక్క ఎంత శుభ్రంగా ఉందో చూడండని దాని ముందే అందరికీ చూపిస్తుంటే, ఆ పిల్లకి నోరెలా వస్తుంది?"

పొద్దున్నే వెళ్లి, జెర్సీ వేలాడదీసే కొక్కేన్ని గుమ్మం నుంచి పీకేశాను. మిశ్రమం సీసాలు కాలువలో పారబోశాను. మంగలాయనకు జరిగింది చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అది మాత్రం కష్టంగా అనిపించింది.

పరీక్ష రాసి వచ్చిన అమ్మాయికి ఆరిన గ్లౌజులు ఇచ్చాను. ఎడమది పైన పెట్టి ఇచ్చాను. అమ్మాయి నంబరు వైపు చూసి, నా వైపు చూసి, అంతా అర్థం చేసుకుంది.

"పడదామనే అనుకుంటా నాన్నా. బంతి వస్తుంటే కాళ్లు కదలవు."

"డాక్టరు బాగుందన్నాడు కదమ్మా."

"డాక్టరు దూకడు కదా."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉపన్యాసం ఇవ్వడానికి నోరు తెరిచి, నా మొహానికి అది ఒకటే తక్కువని మూసుకున్నాను. నాకు ఫుట్‌బాల్ తెలియదు. ఆదివారాలు షాపు వదలలేక దాని ఆట ఒక్కటి కూడా చూడలేదు. నాకు తెలిసింది ఉతకడం, నా దగ్గర ఉన్నవి మాసిన దుప్పట్లు.

మా షాపుకు రెండు లాడ్జీల నుంచి దుప్పట్ల మూటలు వస్తాయి. వాటిని వెనక ఆరేసే స్థలంలో నడుమెత్తున పేర్చి, అమ్మాయిని పక్కన నిలబెట్టి, ఎడమవైపు ఊరికే ఒరిగిపొమ్మన్నాను. బంతి లేదు, గోలు లేదు. మాసినవే కాబట్టి ఎంత దొర్లినా నాకు పోయేదేమీ లేదని కూడా చెప్పాను. అది చాలాసేపు నిలబడింది. తర్వాత కళ్లు మూసుకుని ఒరిగింది. మూటల్లో కూరుకుపోయి అక్కడే పడుకుండిపోయింది. భుజం తడుముకుంది. లేచి, ఇంకోసారి అంది.

రోజుకో మూట తగ్గిస్తూ వచ్చాం. మూడో రోజు నుంచి బంతి విసరాల్సి వచ్చింది. నేను విసిరితే ఇస్త్రీ బల్లకు తగిలేది, నీళ్ల తొట్టిలో పడేది, ఒకసారి గోడ దాటి మంగలాయన గిరాకీ ఒళ్లో పడింది. ఆయన బంతి పట్టుకుని వచ్చి, రాయడం సంగతి సరే, విసరడం నీకు చేతకాదని నాకు తిరిగి అంటించి, తనే విసరడం మొదలుపెట్టాడు. కుర్రతనంలో ఆడాడట. రోజూ షాపు మూసే ముందు ఒక గంట, ముగ్గురం దుమ్ము కొట్టుకుపోయేవాళ్లం. అంత సంతోషంగా నేను ఒంటికి దుమ్ము పట్టించుకున్నది ఎప్పుడూ లేదు.

సెలక్షన్‌కు ముందురోజు చివరి మూట కూడా తీసేశాను. ఉత్త నేల మిగిలింది. మంగలాయన మూడుసార్లు విసిరాడు. మూడుసార్లూ అమ్మాయి కదల్లేదు. నాలుగోది విసరొద్దని నేనే చెప్పాను. ఇంటికి నడుస్తున్నంతసేపూ అది నా చెయ్యి పట్టుకునే ఉంది, చిన్నప్పటిలాగా.

ఆదివారం షాపుకు తాళం వేశాను. ముప్పై ఏళ్లలో ఆదివారం తాళం వేయడం అదే మొదలు. మైదానం కంచె దగ్గర నేను, మా ఆవిడ, మంగలాయన నిలబడ్డాం. మొదటి గోలు ఎడమవైపే పడింది. మా పిల్ల దాన్ని చూస్తూ నిలబడిపోయింది. రెండోది కూడా ఎడమవైపే, ఒక అడుగు వేసి ఆగింది. నగర జట్టు కోచ్ చేతిలోని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మూడోసారి ఎదుటి అమ్మాయి బంతితో దూసుకొస్తుంటే చూడలేక, జోడు తాడు కట్టుకునే వంకతో కిందికి వంగాను. తాడు లేని చెప్పులని తర్వాత మా ఆవిడ గుర్తుచేసింది.

ధబ్బుమని చప్పుడైంది. లేచేసరికి మంగలాయన నా వీపు మీద బాదుతున్నాడు, మా ఆవిడ కంచె పట్టుకుని ఏడుస్తోంది, మా పిల్ల ఎడమవైపు నేలమీద బంతిని పొట్టకు అదుముకుని పడి ఉంది. తర్వాత ఇంకో రెండుసార్లు అటే పడింది. అవి రెండూ నేను చూశాను.

నగర జట్టులో రెండో గోల్‌కీపరుగా తీసుకున్నారు. మొదటి రెండు బంతులూ ఆపి ఉంటే మొదటి స్థానమే దక్కేదని కోచ్ అన్నాడట. వచ్చే ఏడాది చూద్దామంది మా పిల్లి, ఏమీ పట్టనట్టు. రెండో గోల్‌కీపరైనా జట్టు జట్టే కదా అని దార్లో నాలుగుసార్లు పైకే అంది.

ఇంటికి రాగానే బకెట్లో గోరువెచ్చని నీళ్లు పట్టి, రెండో పీట తెచ్చి తన పీట పక్కన వేసింది. కుడి గ్లౌజు తను తీసుకుంది. ఎడమది నాకిచ్చింది. సబ్బు వద్దని ఇంకోసారి హెచ్చరించింది. బొటనవేలితో మెల్లగా నొక్కాను. అరచేతి స్పాంజి గీరుకుపోయింది, మణికట్టు దగ్గర నంబరు సగం చెరిగింది. నీళ్లు నల్లగా అయ్యాయి. మార్చాను. మళ్లీ నల్లగా అయ్యాయి.

కాసేపటికి అది జెర్సీ అంచు లాగి, ఎడమ తుంటి నుంచి చంక దాకా పాకిన పచ్చటి మరకను నా వైపు తిప్పింది.

"నాన్నా, ఇది పోతుందా?"

రెండు రోజులు నానబెడితే పోతుంది. పాత సబ్బుకే పోతుంది.

"పోదమ్మా," అన్నాను.