గోడకెక్కిన నిచ్చెన

నేను ఒక వెదురు నిచ్చెనను. ఇప్పుడు నన్ను చూస్తే ఆ మాట మీరు నమ్మకపోవచ్చు. నా పొడవు ఏడడుగులు దాటదు. నిలబడి కూడా లేను, విజయనగరం అవతల కట్టిన ప్రభుత్వపు ఫ్లాట్లలో, మూడో అంతస్తులో, ఒక గోడకి అడ్డంగా బిగించి ఉన్నాను. నా మీద మనుషులు ఎక్కడం మానేశారు, మనీప్లాంటు ఎక్కుతోంది. ఇంటికి వచ్చినవాళ్ళు నా ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఇన్నేళ్ళు నన్ను ఎక్కినవాళ్ళలో ఒక్కరైనా నా మొహం చూసిన పాపాన పోలేదు. ఎక్కేవాడి చూపెప్పుడూ గోడ మీదే ఉంటుంది కదా.

నన్ను చేసినవాడు ముత్యాలు. పార్వతీపురం కొండల నుంచి వచ్చిన బొంగుల్లో రెండింటిని ఏరి, సెగ మీద వంకర తీసి, ఉలితో బెజ్జాలు కొట్టి, సరుగుడు కర్రల్ని మెట్లుగా దిగ్గొట్టాడు. మొత్తం పద్నాలుగు మెట్లు. నన్ను కొనడానికి వచ్చిన గవర్రాజుకి అప్పటికి పెళ్ళయి ఆరు నెలలు. ఎవరో మేస్త్రీ దగ్గర సున్నం బకెట్లు మోసి మోసి విసిగిపోయి, సొంతంగా రంగుల పని మొదలుపెడదామని వచ్చాడు. ఒక్కో మెట్టు మీదా నిలబడి మూడేసి సార్లు గెంతాడు. ముత్యాలు బీడీ కాల్చుకుంటూ చూసి, పెళ్ళికూతుర్ని కూడా ఇంత పరీక్ష చేసి ఉండవు అన్నాడు.

గవర్రాజు మంచి పనివాడు. గోడని అరచేత్తో నిమిరి తడి ఎంతుందో చెప్పేవాడు. ఏ ఇంటికి వెళ్ళినా ఇల్లాలు ఒకటే మాట అనేది, రంగు లైటుగా ఉండాలి, కానీ బాగా కనపడాలి అని. ఈ రెండూ ఎలా కుదురుతాయో ఆయన ఎప్పుడూ అడగలేదు. పిస్తా రంగు, బిస్కెట్టు రంగు, పెళ్ళివారింటి గులాబీ, పోలీసు క్వార్టర్ల పసుపు, అన్నీ బొట్లుబొట్లుగా నా ఒంటి మీద పడేవి. గోడలకి మళ్ళీ మళ్ళీ కొత్త రంగులు వేసి పాతవి కప్పేశారు. నా మీద మాత్రం పాతవన్నీ అలాగే ఉండిపోయాయి.

రెండో ఏడు ఆయన భార్య వరహాలమ్మ తమ్ముడు సన్యాసిరావు పనిలో కలిశాడు. మాటలు తక్కువ, చేతులు చురుకు. తాళ్ళు కట్టడం, ముడులు వేయడం అతని పని. గవర్రాజు అతనికి పాఠాలు చెప్పడంలో మాత్రం ఎన్నడూ అలసిపోయేవాడు కాడు. ముఖ్యమైన పాఠం ఒకటుంది. మెట్టు కిర్రుమంటే మార్చడమే తప్ప కట్టు కట్టి ఎక్కకూడదు. ఆ సంగతి సన్యాసిరావుకి నేనైనా చెప్పగలిగేవాణ్ణి, అన్నిసార్లు విన్నాను. ఇరవై రెండేళ్ళు బావా బావమరిదీ నాకు చెరో కొసా భుజానికెత్తుకుని ఊరంతా తిరిగారు.

మూడేళ్ళ క్రితం దసరా సెలవుల్లో ఒక బడి గోడలకి రంగు వేస్తున్నారు. బడి తెరవడానికి ఇంకా రెండు రోజులే ఉంది. సాయంత్రం సన్యాసిరావు బ్రష్షులు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నా ఏడో మెట్టు చిట్లింది. గవర్రాజు వేలితో తడిమి చూశాడు. మెట్టు మార్చాలంటే ఒక పూట పోతుంది. అక్కడే పడున్న కొబ్బరి తాడు తీసి, తనకి అలవాటు లేని పనే అయినా, గట్టిగా చుట్టి ముడేశాడు. పొద్దున్నే సన్యాసిరావు ఆ కట్టు చూసి, వద్దు బావా, మెట్టు మార్పించుకొస్తాను, నాకో గంట ఇయ్యి అన్నాడు. గవర్రాజు నవ్వి, నాకే నేర్పుతున్నావా అని ఎక్కాడు. నేను ఆపగలిగితే ఆపేవాణ్ణి. పది గంటల వేళ ఆ మెట్టు తాడుతో సహా పుటుక్కుమంది. ఆయన సిమెంటు గచ్చు మీద పక్కవాటుగా పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రిలో జరిగింది నేను చూడలేదు. తరవాత చెవినపడ్డవి కలిపి చెబుతున్నాను. వరహాలమ్మ పరుగున వచ్చి, మెట్టు విరిగిపోయింది, దానికి తాడు కట్టి ఉంది అని ఎవరో అంటే విని, ఎవరు కట్టారని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. తాళ్ళు కట్టేవాడెవడో ఆమెకి తెలుసు. తమ్ముణ్ణి నానా మాటలూ అంది. నా తాళి తెంపబోయావు, నాకు తోడబుట్టినవాడు లేడనుకుంటాను అంది. సన్యాసిరావు తల వంచుకుని విన్నాడు. కాదనాలంటే మంచం మీదున్న బావ పేరు చెప్పాలి. చెప్పలేదు. గవర్రాజు కళ్ళు మూసుకుని ఉన్నాడు. మత్తు ఇంకా దిగలేదని నర్సు అంది.

ఆ మత్తు మూడేళ్ళు దిగలేదు.

ఆయన కర్ర పట్టుకుని నడవగలిగాడు కానీ ఎత్తులెక్కే పని ఇక చేయలేకపోయాడు. వరహాలమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. కూతురు హైమ చదువు ముగించి ఒక జిరాక్సు సెంటర్లో చేరింది. నన్ను అద్దె ఇంటి వెనక గోడకి చేరేశారు. వరహాలమ్మ నా వైపు చూసినప్పుడల్లా ఈ దరిద్రాన్ని పొయ్యిలో పెట్టమనేది. గవర్రాజు ప్రతిసారీ ఉండనీమనేవాడు. పాత పనిముట్టు మీద మమకారమని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. నేనైతే అలా అనుకోలేదు. చెయ్యని తప్పుకి ఒకర్ని ఇంటికి దూరం చేసినవాడు, రెండోదాన్ని కూడా కాల్చడానికి మనసు రాక ఉంచాడనుకున్నాను. ఎవరూ పెట్టకుండానే ఒక కాకరపాదు మొలిచి నా మీద పాకింది. దాని కాయలు మాత్రం వరహాలమ్మ కోసుకునేది.

ఈ ఏడు ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయి. అద్దె మిగులుతుందని ముహూర్తానికి పాలు పొంగించి ముగ్గురూ దిగిపోయారు. చుట్టాల్ని పిలిచి వ్రతం, భోజనాలు కార్తీక మాసంలో పెట్టుకుందామనుకున్నారు. చిన్న హాలు, పడకగది, వంటిల్లు. ఏ ఫ్లాటు చూసినా ఒకటే రంగు. ఇంత బోసిగా ఉంటే నలుగురినీ ఎలా పిలుస్తామని హైమ పాత సామాన్ల మీద పడింది. వరహాలమ్మ వెంకటగిరి చీర వెలిసిపోతే అంచు కత్తిరించి కిటికీకి కర్టెను చేసింది. అడుగు మాడిన కుక్కరులో కలబంద నాటింది. బీట వారిన ఊరగాయ జాడీకి ముగ్గులు గీసి గుమ్మం పక్కన గొడుగులకి పెట్టింది. నాన్న రంగు డబ్బాల్ని బోర్లించి, పైన పాత దుప్పట్లు కుట్టి పీటలు చేసింది. వరహాలమ్మ మొదట్లో, పాత ఇంట్లో పారేయాల్సినవన్నీ కొత్త ఇంట్లో పూజకి పెడుతున్నావని విసుక్కుంది. పక్క ఫ్లాటావిడ వచ్చి ఆ కర్టెను ఎక్కడ కొన్నారని అడిగాక విసుగు తగ్గింది.

తరవాత వంతు నాది. హైమ ఫోన్లో ఏదో బొమ్మ చూపించింది. కొత్త నిచ్చెనకి కావాలని రంగు చిమ్మి, గోడకి తగిలించుకోమని అమ్ముతున్నారట. మనకి అసలుదే ఉందని, ఒక ఆటోవాణ్ణి బతిమాలి, పాత ఇంటి నుంచి నన్ను తెప్పించింది. వరహాలమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. కూతురు మధ్యకి కోసి సగమే ఉంచుతానని ఒప్పించింది.

ఆదివారం పొద్దున నన్ను హాల్లో పడుకోబెట్టారు. గవర్రాజు నేల మీద కూర్చుని రంపం చేతిలోకి తీసుకున్నాడు. మూడేళ్ళలో ఆయన పనిముట్టు పట్టడం అదే మొదలు. ఎక్కడ కోయాలో కొలతలు పెడుతున్న హైమ, విరిగిన ఏడో మెట్టు దగ్గర ఆగింది. బొంగుకి తెగిన ఆ తాడు కట్టు ఇంకా చుట్టుకునే ఉంది. వరహాలమ్మ వంటింట్లోంచి కత్తిపీట పక్కనున్న చాకు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ముందు ఆ కట్టు కోసి పారేయమని, తమ్ముడి చేతి ముడి తన కొత్త ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఉండకూడదని అంది.

గవర్రాజు చాకు ముట్టుకోలేదు.

"అది ఆడు కట్టింది కాదు. నానే కట్టినాను," అన్నాడు.

హైమ టేపు వదిలేసింది. అది గిర్రున తిరిగి డబ్బాలోకి వెళ్ళిపోయింది.

"ఆ పొద్దు ఆడు ఎక్కొద్దన్నాడు. గంట టైమడిగినాడు. నాను ఇనలేదు."

వరహాలమ్మ చాకు వెనక్కి తీసుకుంది. ఆమె గొంతు పెంచలేదు.

"ఆస్పత్రిలో ఆడిని నేను అన్నేసి మాటలంటా ఉంటే, నువ్వు అన్నీ ఇంటానే పడుకున్నావా?"

ఆయన తలూపాడు. అప్పుడు సిగ్గేసిందని, ఆ తరవాత రోజు రోజుకీ చెప్పడం ఇంకా కష్టమైపోయిందని అన్నాడు. ఆమె లేచి వెళ్ళి అన్నం వార్చింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, అంతే. నేను కోతకి నోచుకోకుండా హాల్లోనే పడి ఉన్నాను, అందరూ దాటుకుంటూ తిరిగారు. మనుషులు కోపం వచ్చినప్పుడు ఎంత శ్రద్ధగా వండుతారో ఆ రెండు రోజుల్లో చూశాను.

మూడో రోజు ఆమే ఆయన చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చింది. పద, ఇద్దరం వెళ్దాం అంది. మూడంతస్తుల మెట్లు ఆయన ఒక్కొక్కటే దిగిన చప్పుడు, కర్ర చప్పుడుతో సహా, నాకు కింద దాకా వినపడింది. పైకి వచ్చేసరికి పొద్దు వాలింది. ఏం జరిగిందని హైమ అడిగితే వరహాలమ్మ చెప్పింది. సన్యాసిరావు పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడట. గవర్రాజు గుమ్మంలో నిలబడే చెప్పాల్సింది చెప్పాడట. అతను విని, నాకు తెల్దా బావా, తెలిసిందే కదా, కూకో అని కుర్చీ వేశాడట. అతని భార్య మాత్రం లోపలి నుంచి బయటికి రాలేదు, మంచినీళ్ళు కూడా అతనే తెచ్చిచ్చాడు. భోజనాలకి రమ్మని వరహాలమ్మ పిలిచింది. చూద్దాంలే అప్పా అన్నాడు. వస్తాననలేదు, రాననలేదు.

ఆ మర్నాడు గవర్రాజు నన్ను మధ్యకి కోశాడు. విరిగిన మెట్టు, తాడు తీసేశాడు. కింది సగం తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి బాల్కనీలోకి వెళ్ళింది, ఇప్పటికీ తలుపు సందులోంచి మేమిద్దరం ఒకరికొకరం కనపడుతూనే ఉంటాం. పై సగానికి, అంటే నాకు, ఆయన గరుకు కాగితం పెట్టాడు కానీ రంగు బొట్లు పోకుండా వాటి చుట్టూ రుద్దాడు. పక్క ఫ్లాటు డ్రిల్లు అడిగి తెచ్చి హైమే గోడకి బిగించింది. మెట్ల మధ్య పాత స్టీలు గ్లాసుల్లో మొక్కలు పెట్టింది.

కార్తీక మాసంలో వ్రతం రోజు ఇల్లంతా జనం. పంతులుగారు కథ మొదలుపెట్టే ముందు, పుట్టింటివాళ్ళు ఎవరైనా బట్టలు పెడతారా అని అడిగారు. వరహాలమ్మ గుమ్మం వైపు చూసి, మీరు కానివ్వండి అంది. కథ అయిపోయింది. హారతి అయిపోయింది. విస్తళ్ళు వేస్తుండగా సన్యాసిరావు ఒక్కడే వచ్చాడు, చంకలో బట్టల సంచితో. అతని భార్య కోపం తగ్గలేదు. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు. చీర, పంచె పళ్ళెంలో పెట్టి అప్పకీ బావకీ ఇచ్చాడు. వరహాలమ్మ చీర అందుకుని కళ్ళకద్దుకుంది.

అతను అక్కణ్ణుంచి కదిలి నా దగ్గరికొచ్చాడు. బొటనవేలితో ఒక చివర నొక్కాడు. నేను కొంచెం ఊగాను. మేకు ప్లాస్టరింగులోనే ఆగిపోయిందని, ఇటుక దాకా దిగలేదని అన్నాడు. గవర్రాజు వచ్చి చూసి అవునన్నాడు. అంత మంది ఉండగా ఇద్దరూ నా మీది గ్లాసులు ఒక్కొక్కటే కిందికి దింపడం మొదలుపెట్టారు.

"భోంచేసి చేద్దువు గానీలేరా, ఇస్తరేసినాను," అంది వరహాలమ్మ.

"ఇది ఊడి ఎవుడి మీదైనా పడితే, మళ్ళీ నేనే కట్టినానంటావప్పా," అన్నాడు సన్యాసిరావు.

వడ్డించేవాళ్ళ గరిటెలు ఆగిపోయాయి. గవర్రాజు ముందు నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. వరహాలమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందని అందరూ అనుకున్నారు. ఒక ఎత్తుపీట పట్టుకుని వచ్చింది. తమ్ముడి ముందు వేసింది. నాలుగు కాళ్ళూ నేలకి ఆనిన గట్టి పీట అది, ఎంత కుదిపినా కదలదు. అయినా అతను ఎక్కి, బెజ్జం లోతుగా తొలిచి, మేకు బిగించి, దిగేదాకా ఆమె నేల మీద కూర్చుని ఆ పీటని రెండు చేతులతో పట్టుకునే ఉంది.