మూడో బేస్ దగ్గర మట్టి

రోసెండో ఫిప్స్ మోకాళ్ల మీద కూర్చుని బేస్‌బాల్ మైదానంలో మూడో బేస్ చుట్టూ ఉన్న ఎర్రమట్టిని అరచేత్తో తడుముతున్నాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మూతపడ్డ చక్కెర మిల్లు పొగగొట్టం మంచులో సగమే కనిపిస్తోంది. నిన్న సాయంత్రం ఇనుప వల లాగి, నీళ్లు చల్లి, ఎంత చదునుగా చేసి వెళ్లాడో మట్టి అంత చదునుగానూ ఉంది. ఒక్క గీత లేదు. ఒక్క మడమ గుర్తు లేదు.

ముప్ఫై తొమ్మిదేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

రోజూ ఉండేవి. మూరెడు ఎడంతో రెండు బూట్ల ముద్రలు. వేళ్లవైపు లోతుగా, బంతి కోసం ముందుకు వంగి నిలబడ్డ మనిషి కాళ్లలా ఉండేవి. ఆటగాళ్లు వేసుకునే మేకుల బూట్లు కావవి. మిల్లు పనివాళ్ల బరువు బూట్లు, మడమ కింద లాడం కొట్టించినవి. ఎడమ మడమ లోపలివైపు అరిగి ఉండేది. ఆయన ప్రతి తెల్లవారుజామునా అందరికంటే ముందు వచ్చి, వాటిని కాసేపు చూసి, ఇనుప పళ్లున్న పొడుగు కర్రతో చెరిపేసేవాడు. మొదటి ఏడాది భయపడ్డాడు. తర్వాత అదీ గడ్డం గీసుకోవడం లాంటి పనే అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఊరికుక్కలు మైదానమంతా పరుగులు తీసి ఆ ఒక్క చోటు మాత్రం చుట్టి పోతాయని కూడా ఎవరికీ చూపించలేదు.

ఇవాళ చెరపడానికి ఏమీ లేదు. మొదటి ఏడాది పడ్డ భయం మళ్లీ వచ్చింది.

లేవబోతే ఎడమచెయ్యి మొద్దుబారినట్టుంది. రెండుసార్లు విదిలించాడు. పొడుగాటి మనిషి. అరవై నాలుగేళ్లకే నడుం దగ్గర కొడవలిలా వంగిపోయాడు. గోళ్ల సందుల్లో ఎర్రమట్టి ఎంత తోమినా పోదు. ఎడమ చిటికెన వేలు ఎప్పుడో విరిగి, వంకరగానే అతుక్కుంది. అమెరికా క్లబ్బొకటి ఈ మైదానాన్ని తీసుకుని, కుర్రాళ్లకు ఆట నేర్పే చోటుగా మార్చి ఇరవై రెండేళ్లయింది. అంతకుముందు ఇది మిల్లు టీమ్ మైదానం. గేట్లు మారాయి, కంచె మారింది, పచ్చిక కొత్తది వేశారు. మట్టీ, ఆయనా మాత్రం పాతవే.

"తాతా!"

వాస్కర్ మొరీయో వస్తున్నాడు. పద్దెనిమిదేళ్లవాడు. వాడి భుజాలు చూస్తే ఎవరైనా పక్కకు తప్పుకుని దారిస్తారు.

"ఇవాళ నీళ్లు కాస్త ఎక్కువ కొట్టవా?"

"ఎందుకురా?"

"మట్టి తడిగా ఉంటే బంతి మెల్లగా వస్తది. నాకు చెప్పిస్తావేంటి, నీకు తెలీదా?"

"బురద చేస్తే నెరియో నా తోలు వలుస్తాడు."

"ఒక్కరోజే తాతా. ఇవాళే క్లబ్బుకి రాసి పంపుతాడంట. నేను మూడో బేస్‌లో ఉంటానో, ఊడతానో."

రోసెండో జేబులోంచి కాగితం పొట్లం తీసి, నూనెలో వేయించిన యానికేకే రొట్టెను రెండుగా తుంచి సగం ఇచ్చాడు. వాస్కర్ నములుతూ ముక్కు ఎగబీల్చాడు.

"ఇక్కడేంటి, బెల్లప్పాకం మాడిన వాసనొస్తంది?"

రోసెండో నమలడం ఆపాడు. మిల్లు ఆగిపోయి పదిహేనేళ్లు. ఆ వాసన ఈ చోట ఆయనకు మాత్రమే తెలుసు. ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు.

"నాకేం రావట్లేదు," అన్నాడు. "తిను. తిని పో."

ఎనిమిదింటికి కుర్రాళ్లంతా వచ్చారు. శిక్షణ ఇచ్చే నెరియో తెహాదా పొట్టి మనిషి, పెద్ద గొంతు. సన్నటి పొడుగు బ్యాట్‌తో నేలబారుగా బంతులు కొట్టడం మొదలుపెట్టాడు. మూడో బేస్ అంటే బ్యాట్స్‌మన్‌కి దగ్గర. గట్టిగా తగిలిన బంతి కన్నార్పేలోపే మీదికొస్తుంది. వాస్కర్ గ్లవ్ తెరుచుకుని వంగాడు. మొదటి బంతి వాడి కాళ్ల మధ్యనుంచి పోయింది. రెండోది మణికట్టుకు తగిలి పైకి లేచింది. మూడోది పట్టాడు గానీ మొదటి బేస్‌కి విసిరింది కంచె దాటింది.

"ఒరేయ్ వాస్కర్, చేతులకి సబ్బు రాసుకొచ్చావా?"

"గ్లవ్ పారేసి టోపీ పట్టరా, అదే నయం!"

నలభై బంతుల్లో పదిహేడు తప్పాయి. తర్వాత వాడు బ్యాట్ పట్టాడు. ఇక ఎవరూ నవ్వలేదు. నాలుగో దెబ్బకు బంతి కంచె దాటి, మిల్లు గోడ దాటి, లోపలెక్కడో తుప్పుపట్టిన పీపాకు తగిలి ఖంగుమంది. ఆ చప్పుడు ఉండాల్సినదానికంటే చాలాసేపు ఉంది. పిట్టలు లేచాయి. కుర్రాళ్లు మిల్లువైపు చూసి, మళ్లీ పనిలో పడ్డారు.

నెరియో చెమట తుడుచుకుంటూ వచ్చి పనిముట్ల గది నీడలో చతికిలబడ్డాడు.

"చూశావా పెద్దాయనా? దేవుడు వీడికి భుజాలిచ్చి చేతులివ్వడం మర్చిపోయాడు. మూడో బేస్‌లోనే ఉంచానా, ఇంకో నెలలో మూట కట్టించి ఇంటికి పంపిస్తారు. మొదటి బేస్‌కి మారుద్దామంటే అక్కడ వీడిలా కొట్టేవాళ్లు ఇప్పటికే పదిమంది కాచుక్కూర్చున్నారు. పోనీ దూరంగా కంచె దగ్గర లెఫ్ట్ ఫీల్డ్ అంటే నా మొహాన ఉమ్మేస్తాడు. వాళ్ల నాన్న మూడో బేస్, వాళ్లన్న మూడో బేస్, ఇంట్లో పిల్లి కూడా మూడో బేసే. నువ్వైతే ఏం చేస్తావ్?"

ఇరవై రెండేళ్లుగా నెరియో ఇలా అడుగుతూనే ఉన్నాడు. జవాబు కోసం కాదు. రోసెండో ప్రతిసారీ "నీ ఇష్టం, నాకేం తెలుసు" అనేవాడు. ఇవాళ కర్ర మీద బరువు మోపి లేచాడు.

"రా. చూపిస్తా."

మూడో బేస్ దగ్గరికి తీసుకెళ్లి కర్రకొసతో చూపించాడు.

"ఇదిగో, బంతి కొట్టకముందు వాడు నిలబడ్డ చోటు. బరువంతా వేళ్ల మీదుంది, బాగానే ఉంది. ఇదిగో, బ్యాట్‌కి బంతి తగిలినప్పుడు. కుడికాలు చూడు. జానెడు వెనక్కి. మడమ దిగబడింది. ఇక్కడ చూడు. ఇక్కడా. నలభైకి నలభై ఇంతే."

నెరియో వంగి చూశాడు. "అంటే?"

"చేతులు మంచివే. వాడికి భయం. ఇక్కడ బంతి మొహం మీదికొస్తది. దూరంగా నిలబెడితే చూసుకోడానికి టైముంటది. లెఫ్ట్ ఫీల్డ్‌కి పంపు."

"ఎవడికి భయం?"

వాస్కర్ ఎప్పుడు వచ్చాడో వెనకాలే ఉన్నాడు. మెడ నరాలు లేచాయి. "మట్టి గీక్కునేవాడివి, నువ్వు చెప్తావా నాకు? ఎప్పుడైనా ఆడిన మొహమేనా నీది?"

"ఒరేయ్, నోరు!" అన్నాడు నెరియో.

"ఆడాను," అన్నాడు రోసెండో. "ఇక్కడే."

నెరియో తలతిప్పి ఆయన్ను చూశాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఎన్నడూ వినలేదు.

రోసెండో వాళ్లిద్దరినీ చూడలేదు. మట్టినే చూస్తూ చెప్పాడు. ఇరవై నాలుగేళ్లప్పుడు మిల్లు టీమ్‌లో ఆయనంత దూరం కొట్టేవాడు లేడు. బంతి చెరకుతోటల్లో పడితే వెతకడం మానేసి కొత్తది తీసేవాళ్లు. కానీ మూడో బేస్‌లో ఆయన కుడికాలు కూడా ఇలాగే వెనక్కి పోయేది. టీమ్ చూసే మిల్లు మేస్త్రీ మొదటి బేస్‌కి జరగమన్నాడు. ఆయన జరగలేదు. జరిగితే పిరికివాడంటారని. మూడో బేస్‌లో నిలబడాల్సినవాడు క్రిస్పీన్. ఆయనతో ఒకే గదిలో పెరిగిన స్నేహితుడు, ఎలాంటి బంతినైనా జామపండు కోసినట్టు అందుకునేవాడు. ఆ చోటు ఒక్కరికే. మేస్త్రీకి దూరం కొట్టేవాడు కావాలి. క్రిస్పీన్ పేరు కొట్టేశారు.

"టీమ్‌లో ఉన్నవాళ్లకి శనివారం మిల్లు పని ఉండేది కాదు. లేనివాళ్లకి ఉండేది. ఆ శనివారం నేనిక్కడ నిలబడ్డాను. వాడు గానుగ దగ్గర నిలబడ్డాడు. ఐదో ఇన్నింగ్స్‌లో మిల్లు కూత వేసింది. కూత వేసే వేళ కాదది. గానుగలో మనిషి పడితే వేసే కూత."

మిల్లు గోడ అవతల రేకు ఏదో గాలికి కొట్టుకుంది.

"తర్వాత?" అన్నాడు వాస్కర్. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"తర్వాత నేను ఆడలేదు. ఈ మట్టి చూసుకునే పని అడిగి తీసుకున్నాను." కర్రకొసతో మట్టిని సర్దాడు. "నేను నాలుగడుగులు జరిగుంటే వాడిక్కడ ఉండేవాడు. అంతే."

వాస్కర్ ఒకసారి తన కుడిపాదం వైపు చూసుకున్నాడు. గ్లవ్‌ను తొడకు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే వాడు లెఫ్ట్ ఫీల్డ్‌కి నడిచాడు. మొహం ముడుచుకునే ఉంది. నెరియో గాల్లోకి బంతులు లేపాడు. మొదటిది వాడి వెనకెక్కడో పడింది. రెండోదానికి ముందుకు పరుగెత్తితే అది తలమీంచి పోయింది. "అక్కడ కూడా అంతేరా నాయనా!" అని ఎవడో అరిచాడు. ఐదో బంతికి వాడు తల వెనక్కి వంచి, అడుగులు సర్దుకుని, చాలాసేపు దాన్ని చూశాడు. గోడ దగ్గర పట్టాడు. పట్టాక గ్లవ్‌లోకి, ఎవరో పెట్టిపోయిన వస్తువును చూసినట్టు చూశాడు. ఆ తర్వాత వచ్చిన రెండూ వదిలేశాడు. అయినా నెరియో కాగితం మోకాలి మీద పెట్టుకుని ఏదో రాశాడు.

సాయంత్రం కుర్రాళ్లు స్నానాలకు పోయారు. వాస్కర్ మాత్రం లెఫ్ట్ ఫీల్డ్‌లోనే ఉన్నాడు. మిల్లు గోడకు బంతి విసిరి, తిరిగొచ్చినదాన్ని అందుకుంటున్నాడు. రోసెండో ఇనుప వల లాగుతున్నాడు. రెండో బేస్ దాటేసరికి ఎడమచెయ్యి పూర్తిగా పనిచేయడం మానేసింది. తాడును కుడిభుజానికి వేసుకున్నాడు. మూడో బేస్ వైపు రాగానే మాడిన పాకం వాసన గుప్పుమంది. కళ్లు మండాయి. ఆయన వలను అక్కడే వదిలాడు.

వాస్కర్ బంతి కోసం తిరిగినప్పుడు, మూడో బేస్ దగ్గర ఇద్దరు కనిపించారు. ఇద్దరి వీపులూ తనవైపే. ముసలాయన నిలబడి ఉన్నాడు. పక్కన ఇంకొకడు మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి ఉన్నాడు, కొట్టబోయే బంతి కోసం చూస్తున్నట్టు. ఎవరూ కొట్టడానికి లేరు. మిల్లు కాపలావాడేమో అనుకున్నాడు వాస్కర్. ముసలాయన ఏదో అన్నాడు. రెండోవాడు తల ఎత్తకుండానే ఏదో అన్నాడు. ముసలాయన నవ్వాడు. ఆయన నవ్వగా వాస్కర్ ఎప్పుడూ వినలేదు. కుర్రాడి నవ్వులా ఉంది.

తర్వాత ముసలాయన ఆ చోటు వదిలి, మైదానానికి అడ్డంగా, మెల్లగా నడుచుకుంటూ మొదటి బేస్ వైపు వెళ్లాడు. నడుం నిటారుగా ఉంది. అక్కడ బేస్ పక్కన కాసేపు నిలబడి, కుడిచెయ్యి మట్టిలో ఆనించి కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

వాస్కర్ పరుగెత్తి వచ్చేసరికి మూడో బేస్ దగ్గర ఎవరూ లేరు. వాడు చుట్టి పరుగెత్తాడు. ఎందుకో తెలియదు, ఆ మట్టి మీంచి మాత్రం వెళ్లలేకపోయాడు. మొదటి బేస్ దగ్గర రోసెండో కళ్లు తెరుచుకునే ఉన్నాయి. మూడో బేస్ వైపు చూస్తున్నాడు, అక్కణ్నుంచి ఎవరో బంతి విసురుతారన్నట్టు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

"ఆయనతో ఎవరైనా ఉన్నార్రా?" అన్నాడు నెరియో, వచ్చి, టోపీ తీసి, ముసలాయన కళ్లు మూశాక.

"ఒకడున్నాడు. ఎవరో తెలీదు. మిల్లు బూట్లు వేసుకున్నాడు."

నెరియో రెండో ప్రశ్న అడగలేదు. అక్కణ్నుంచి లేచి ఆ మట్టిని చూడటానికి కూడా వెళ్లలేదు.

మర్నాడు పొద్దున శవానికి తొడగడానికి బట్టల కోసం ఇద్దరూ మైదానం వెనకున్న రేకుల గదిలోకి వెళ్లారు. మడత మంచం, కిరోసిన్ స్టవ్, గోడకు ఒక శిలువ. మంచం కింది పెట్టెలో ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా ఉంది. దాని అడుగున చక్కెర గోనెసంచిలో ఏదో చుట్టి ఉంది. నెరియో చొక్కా తీసుకుని దులుపుతుంటే, వాస్కర్ గోనె విప్పాడు. మొదటి బేస్‌లో వాడే వెడల్పాటి గ్లవ్. నలభై ఏళ్ల కిందటి తయారీ. పట్టీ మీద కాల్చిన మేకుతో రాసిన పేరు: ఫిప్స్. మేస్త్రీ ఎప్పుడో ఇచ్చింది కాబోలు. ఏటా నూనె రాసినట్టున్నారు, తోలు ఎక్కడా పగల్లేదు, బుగ్గలా మెత్తగా ఉంది.

వాస్కర్ వేళ్లు దూర్చబోయి ఆగాడు. దాన్ని మంచం మీద వెల్లకిలా పెట్టాడు. కిటికీలోంచి వచ్చే వెలుతురులో ఆ అరచెయ్యి తెరుచుకుని ఉంది. దాని మీద ఒక్క బంతి మచ్చ కూడా లేదు.