చాంద్ చెయ్యి

బందరులో సాయంత్రం నాలుగింటికి సముద్రపు గాలి తిరుగుతుంది. ఆ గాలితోపాటే చాంద్ వస్తుంది. "చాంద్ వచ్చే వేళైంది, బట్టలు తీసెయ్యండే!" అని వీధిలో ఆడవాళ్లు ఒకరినొకరు కేకేసుకుంటారు. ఆ పిల్ల ఒళ్లంతా నీళ్లే మరి. ఆరేసిన కలంకారీ గుడ్డల పక్కనించి నడిచిందంటే ఉప్పు మరకలు పడతాయి, ఎంత ఉతికినా పోవు.

చాంద్‌కి ఐదేళ్లు. డెబ్భై ఏడు ఉప్పెనలో, దివిసీమలో పోయినప్పుడూ ఐదేళ్లే. అక్క ఆమినా బీకి మాత్రం యాభై దాటి చాలాకాలమైంది. ఆ రోజు ఆమినా ఒక చేత్తో తుమ్మకొమ్మ పట్టుకుని, రెండో చేత్తో చెల్లెల్ని పట్టుకుంది. వదిలేసింది. ఎలా వదిలిందో గుర్తులేదు, చెయ్యి ఖాళీ అయిపోవడం ఒక్కటే గుర్తు. అయినా ఆ పిల్ల రోజూ వచ్చి, గుడ్డ మీద అచ్చులేసుకునే అక్క కుడి బుగ్గమీద చల్లటి అరచెయ్యి ఆనించి, కాసేపు కూర్చుని పోయేది. నోరు తెరిస్తే నీళ్లే వస్తాయి గనక మాట్లాడదు.

నిరుడు వానలు వెనకబట్టాక ఒకరోజు, ఆ చెయ్యి తగలగానే ఆమినా బీ మొహంలో కరెంటు కొట్టింది. దవడ నించి కంటి దాకా. "యా అల్లా!" అని అచ్చు వదిలేసింది. రెండు క్షణాల్లో పోయింది. మర్నాటినించీ అన్నం నమిలినా అదే, మొహం కడిగినా అదే. మన జనానికి దవడ నొప్పంటే పన్ను, పన్నంటే పీకించడం! పన్ను బాగానే ఉందమ్మా అని డాక్టరు మొత్తుకున్నా వినకుండా, పోరుపెట్టి రెండు పళ్లు పీకించుకుంది. నొప్పి మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఇది పన్ను కాదు, చెల్లెలి కోపం. వదిలేసిన సంగతి దానికి ఇన్నేళ్లకి గుర్తొచ్చింది. అంతే, నాలుగవుతుంటే మొహానికి కొంగు చుట్టుకుని తలుపు గడియ పెట్టుకునేది. చాంద్ గుమ్మంలో కూర్చుని, ఎదురింటి పాపాయమ్మ మేకపిల్లతో ఆడుకుని, చీకటి పడ్డాక లేచిపోయేది. పొద్దున్నే మెట్టుమీద మడుగు. ఆరు నెలలు అంతే. అయ్యో, ఆ ఇద్దర్నీ చూస్తే కడుపు తరుక్కుపోయేదండీ.

"గంజితో ఎన్నాళ్లు బతుకుతావ్ వదినా? చీపురుపుల్లలా అయిపోయావు" అంది పాపాయమ్మ.

"ఇంకో పన్ను పీకిస్తే పోతుందేమో."

అదీ మొండితనం! చేసేది లేక పాపాయమ్మ గుడివాడలో లహరి గారనే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. బందరు గాలి గుడివాడ చేరేసరికి ఐదవుతుంది. సరిగ్గా ఐదింటికి లహరి సూది చేతిలోకి తీసుకోగానే తడి పాదాలతో చాంద్ లోపలికొచ్చింది.

"చెప్పులు బయట... సరే, చెప్పుల్లేవుగా" అని నర్సు వెనకాలే నేల తుడిచింది.

చాంద్ కుర్చీ ఎక్కి, అక్క ఒళ్లో కూర్చుని, అక్క నోటికి అరచెయ్యి అడ్డంపెట్టింది. ఆమినా గిలగిల్లాడిపోయింది. అంతలోనే సర్దుకుంది.

లహరి సూది పక్కన పెట్టేసింది. "నేనింకా పన్ను ముట్టుకోలేదండీ. చర్మానికి చెయ్యి తగిలితేనే వచ్చిందా?"

"అది నా చెల్లెలి కోపం డాక్టరు గారూ. నేను వదిలేశాను దాన్ని."

"కోపమైతే మీరు మొహం కడుక్కున్నప్పుడు ఎందుకొస్తుంది? పంటినొప్పి ఇలా మెరిసి మాయమవదమ్మా. ఇది నరం. పన్ను పీకను, మీరు కాళ్లు పట్టుకున్నా పీకను."

విజయవాడలో నరాల డాక్టరు స్కానింగ్ తీయించాడు. మొహానికొచ్చే నరం మీద ఒక రక్తనాళం ఆనుకుని కొట్టుకుంటోందన్నాడు. మాత్రలకి లొంగకపోతే ఆపరేషన్. మందుల షాపులో అవి మూర్ఛకిచ్చే మాత్రలని తెలిసి పాపాయమ్మ గొడవ పెట్టుకుంది. అవే నరాన్ని కూడా నిమ్మళింపజేస్తాయని ఆ షాపాయన ఓపిగ్గా చెప్పాడు. మొదటివారం తల తిరిగింది. రక్తపరీక్ష చేసి మోతాదు పెంచారు. మూడోవారం ఆమినా బీ చేపల పులుసుతో అన్నం నమిలి తింది. తిని ఏడ్చింది.

ఆ సాయంత్రం నాలుగింటికి గడియ తీసింది. కొంగు తీసేసింది. మందు నరానికేగానీ కోపానికి కాదు కదా.

చాంద్ వచ్చింది. బుగ్గమీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. చల్లగా ఉంది, అంతే.

"నా మీద కోపం లేదటే నీకు?"

పిల్ల తన చెయ్యి తీసి అక్క చేతిలో పెట్టింది. ఆమినా ఈసారి ఇంక ప్రాణం పోయినా వదలనన్నట్టు బిగించి పట్టుకుంది. ఎదురింట్లో మేకపిల్ల అరిచింది. చాంద్ అటు తిరిగింది. అక్క వేళ్లని ఒక్కోటీ, ఒక్కోటీ ఊడదీసింది. చిటికెనవేలు, దాని పక్కది, దాని పక్కది. ఆమినా అరచేతికి అంతా తెలిసిపోయింది: ఆ నీళ్లు, ఆ కొమ్మ, వరదలో కొట్టుకుపోతూ అరుస్తున్న అప్పటి తమ ఇంటి నల్ల మేకపిల్ల, తన బిగింపు, దాన్ని విడదీస్తున్న ఈ చిన్ని వేళ్లు.

చాంద్ చెయ్యి విడిపించుకుని వీధిలోకి పరిగెత్తింది.

ఆమినా గుమ్మంలో నిలబడింది. గాలి మొహం నిండా కొడుతోంది, కన్నీళ్లు కుడి బుగ్గమీదనించే కారుతున్నాయి.

"మేకపిల్ల నీ గుడ్డలు తొక్కేస్తోంది వదినా, కట్టెయ్యనా?" అని కేకేసింది పాపాయమ్మ.

"వద్దు వదినా, ఉండనీ. దానికోసమే వెళ్లింది."