తియ్యనన్న చెయ్యి

చిలకలగూడలో విజయేందర్ టాటూ దుకాణానికి వెళ్లేవాళ్లు సూదికి భయపడతారేమో గానీ కుర్చీకి భయపడరు. మనిషిని కుదురుగా కూర్చోబెట్టడంలో అతనికున్న శ్రద్ధ పెళ్లివారికి కూడా ఉండదు. నడుముకు దిండు, మోచేతి కింద మడిచిన తువ్వాలు, కాళ్లకు పీట. పావుగంటకోసారి పని ఆపి చెయ్యి దులుపుకోమంటాడు. తిమ్మిరెక్కిన చెయ్యి ఎప్పుడు అదురుతుందో చెప్పలేం. అదిరిందా, గీత చెడినట్టే. చెడిన గీతను బ్రహ్మదేవుడు కూడా దిద్దలేడు.

ఆ మంగళవారం పొద్దున బోయిగూడ నుంచి విమలమ్మ, ఆమె భర్త ఓంప్రకాశ్ వచ్చారు. ఇద్దరికీ అరవై దగ్గర పడ్డాయి. ఒక్కగానొక్క కూతురు సృజన ఇరవై మూడేళ్లకే జబ్బు చేసి పోయి నాలుగు నెలలైంది. ఆ పేరు ఎడమ ముంజేతి లోపలివైపు పొడిపించుకోవాలని విమలమ్మ పట్టుదల. ఓంప్రకాశ్ గోడవార స్టూలు మీద కూర్చుని తన చెప్పులే చూసుకుంటున్నాడు. వచ్చిన దగ్గర నుంచి ఆమె అతని వైపు ఒక్కసారి తిరగలేదు. మొగుడూ పెళ్లాలన్నాక సవాలక్ష ఉంటాయిలే అనుకున్నాడు విజయేందర్.

అన్నీ సర్ది, ఆమె చేతిని వెల్లకిలా పెట్టాడు.

"మంచిగుందా అమ్మా? భుజం గుంజుతలేదు గదా?"

"మంచిగనే ఉంది బిడ్డా. షురూ చెయ్."

మొదటి అక్షరం పూర్తయ్యేసరికి పావుగంట దాటింది. విజయేందర్ మెషీన్ ఆపాడు.

"జెర చెయ్యి తియ్యమ్మా. దులుపుకొని మళ్ల పెడ్దువు."

"తియ్య."

"తిమ్మిరెక్కుతది."

"ఎక్కనీ."

ఎందరు మొండివాళ్లను చూడలేదతను! నవ్వుతూ బుజ్జగించాడు. "రెండు నిమిషాలు తీస్తే ఏం గాదమ్మా. నీ బిడ్డ ఏడికి పోతది?"

స్టూలు మీద ఓంప్రకాశ్ ఉలిక్కిపడ్డాడు. విమలమ్మ చెయ్యి కదపకుండానే చెప్పింది.

"గా రోజు సుత గిట్లనే అన్నరు బిడ్డా. ఏం గాదన్నరు. దవాఖానల ఆఖరి పది దినాలు నా పిల్ల దిండు మీద పండలే. గీ చెయ్యి మెడ కింద పెడితేనే కన్ను మూసేది. గా రోజు పొద్దుగాల్నుంచి పగటీలి బువ్వ యాళ్ల దాకా గట్లనే పెట్టుకున్న. చెయ్యి కట్టె లెక్క అయింది. గీయన చూసి, జెర తియ్యి, నేను దిండు పెడ్త, నువ్వు చాయ్ తాగిరా పో అన్నడు. తీసిన. సగం చాయ్ తాగలే, పిలుపొచ్చింది. కండ్లు తెరిచి నా చెయ్యి కోసం దేవులాడిందంట. దేవులాడుకుంటనే పోయింది."

విజయేందర్ నాలుక కరుచుకున్నాడు. ఎంత మాట అనేశాడు! చెయ్యి తియ్యి, ఏం గాదు అని ఇన్నేళ్లుగా వచ్చిన ప్రతి మనిషికీ చెప్పే మాటే అది. ఆమె నడుము వెనకున్న దిండును చూస్తే అతనికే సిగ్గేసింది. తనకీ ఓ కూతురుంది.

పని ఆపేద్దామంటే పేరు సగంలో ఉంది. ఆపకుంటే చెయ్యి అదురుతుంది. ఆ పిల్ల పేరు వంకర పోతే ఈ తల్లి మరోసారి చస్తుంది. చెయ్యి కదలనప్పుడు మిగతావే కదలాలి. అతను కుర్చీ కిందికి దించాడు, తన స్టూలు పక్కకు తోసి నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. అయినా భుజం బరువు భుజానిదే.

"కాకా, గిటు రా. అమ్మ దండ కింద, మోచేతికి పైన నీ చేతులు పెట్టు. బరువు నువ్వు మొయ్యి."

ఓంప్రకాశ్ వచ్చాడు గానీ ముట్టుకోవడానికి జంకాడు. విమలమ్మ రమ్మనలేదు, వద్దనలేదు. అతను మోకాళ్ల మీద కూర్చుని ఆమె దండ కింద రెండు అరచేతులూ పెట్టాడు. అరగంట దాటింది. అతని భుజాలు పీకాయి, చెమట చెవుల పక్కగా కారింది. తుడుచుకోవడానికైనా చెయ్యి తియ్యలేదు. విమలమ్మ ఆ చెమటను చూస్తూనే ఉంది. గీత ఎక్కడా చెదరలేదు.

"అయిపోయిందమ్మా" అన్నాడు విజయేందర్. ఇక చెయ్యి తియ్యొచ్చు అనడానికి నోరు రాలేదు.

విమలమ్మ కూతురి పేరు చూసుకుంది. తర్వాత ఇన్నాళ్లకు మొగుడి మొహంలోకి చూసింది.

"గా రోజు తియ్యమంటివి గదా. ఇప్పుడు నువ్వే తియ్యి."

ఓంప్రకాశ్ ఆ చేతిని ఎత్తబోయాడు. జానెడు కూడా లేపలేకపోయాడు. అరవై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నాతోని గాదు విమలా. నిద్ర పోతుండె గదా అనుకున్న. నీకు నొస్తదని అన్న."

ఆమె రెండో చేత్తో అతని తల నిమిరింది.

"ఉండనీ అయితే. జెర సేపు పిల్లను పండనీ."

విజయేందర్ దుకాణం తలుపు దగ్గరికేసి బయట మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాతి గిరాకీ వస్తే సాయంత్రం రమ్మన్నాడు.