అద్దం గదిలో మోగని బెల్లు

గోడలు కొలవడానికి వచ్చినవాళ్లు గోడలు కొలిచి వెళ్లిపోతారంటే నేను నమ్మను. ఇరవై రెండేళ్ల నర్సు ఉద్యోగంలో చూశాను, మా ఆసుపత్రికి ఎవరు ఏం కొలవడానికి వచ్చినా అది చివరికి మా మెడకే చుట్టుకుంది. అందుకే ఆ ఇద్దరూ టేపు పట్టుకుని మా సర్జరీ వార్డులోకి అడుగుపెట్టిన రోజే నాకు అనుమానం పుట్టింది.

పెద్దాయన కాలేజీలో ప్రొఫెసరట. కిటికీ ఎత్తు దగ్గర్నుంచి మంచం కింద ఖాళీ దాకా ఏదీ వదలకుండా కొలిచేవాడు కాబట్టి ఆయనకు కొలతలాయన అని పేరు పెట్టాను. ఆయన వెంట వచ్చిన అమ్మాయి రోజంతా వార్డు మూలన కూర్చుని ట్యాబ్లెట్లో అంకెలు వేసుకునేది. ఆమె లెక్కలమ్మాయి. గది రంగు, వెలుతురు, మంచం ఏ వైపు తిరిగి ఉందనేది, ఇవన్నీ రోగి కోలుకోవడంలో సాయపడతాయని వాళ్ల నమ్మకం. అందులో తప్పేం లేదు. పెచ్చులూడిన పైకప్పును చూస్తూ వారం పడుకుంటే నాకైనా కొత్త జబ్బు వస్తుంది.

మా వార్డులో రెండు గదులు, గదికి ఎనిమిది మంచాలు, మధ్యలో మా నర్సుల బల్ల. ఎడమ గదిని పోల్చి చూసుకోవడానికి ఉన్నదున్నట్టు వదిలేశారు. కుడి గదికి లేత ఆకుపచ్చ రంగు వేశారు. కళ్లు చెదరగొట్టే ట్యూబులైట్లు తీసేసి మెత్తని దీపాలు పెట్టారు. మా బల్లకూ ఆ గదికీ మధ్య ఉన్న గోడ కొట్టేసి నిలువెత్తు గాజు అద్దం బిగించారు. నర్సు ఎదురుగా కనిపిస్తూ ఉంటే రోగికి ధైర్యంగా ఉంటుందట. ఆ తర్వాత ఉదయం డ్యూటీలో ఏ గది నుంచి ఎన్ని బెల్లులు మోగుతున్నాయో లెక్క పెట్టడం మొదలుపెట్టారు.

అసలు సంగతి ఫైళ్లు మోసే అటెండరు నా చెవిన వేశాడు. అద్దం గదిలో బెల్లులు తగ్గితే రెండో గదిని కూడా అలాగే మార్చి, ఉదయం డ్యూటీలో ఒక నర్సును తీసేయవచ్చని సూపరింటెండెంటు గారు అన్నారట. తీసేది ఎవరిని? అందరికంటే చివర చేరిన బుల్లి సిస్టర్ని. ఎనిమిది నెలల పాపను అత్తగారి దగ్గర వదిలి, మధ్యాహ్నం రెండు కొట్టగానే పాలివ్వడానికి పరిగెత్తే పిల్ల. ఆమెను బస్సులో మూడు గంటల దూరంలో ఉన్న ఇంకో ఆసుపత్రికి పంపుతారట. రంగులు వేసేది వాళ్లు, సంసారం చెదిరేది దీనిది. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే.

బుల్లి సిస్టర్ ఏడవలేదు కానీ, మందుల ట్రే సర్దుతూ నా వైపు చూడకుండా ఒక మాట అడిగింది.

"బెల్లులు నిజంగా తగ్గుతాయంటావా అక్కా?"

"గోడకు రంగేస్తే నొప్పి తగ్గుతుందిటే?" అన్నాను.

తగ్గాయి. పాత గదిలో పూటకు నలభైకి అటూ ఇటూ మోగుతుంటే, అద్దం గదిలో పద్దెనిమిది దాటడం లేదు. ఇందులో ఏదో మోసం ఉందని నాకు గట్టిగా అనిపించింది. ముందు బెల్లులను అనుమానించాను. రోగులను ఎక్స్‌రేకి పంపినప్పుడల్లా వెళ్లి ఒక్కో మంచం దగ్గర బటన్ నొక్కి చూశాను. ఎనిమిదీ నిక్షేపంగా మోగాయి. తర్వాత లెక్కలమ్మాయిని అనుమానించాను. వారం రోజులపాటు మందుల చీటీల వెనక నేనూ గీతలు పెట్టుకున్నాను. నా గీతలూ ఆమె అంకెలూ ఒక్కటి కూడా తేడా రాలేదు. చెప్పొద్దూ, ఆ రోజు నాకు చాలా నిరాశ కలిగింది.

ఇక మిగిలింది రోగులు. బెల్లు నొక్కొద్దని వీళ్లకు ఎవరైనా నూరిపోశారేమోనని ఒక్కొక్కరి దగ్గరా కూపీ లాగాను. అబ్బే, ఎవరూ ఏమీ అనలేదన్నారు. గది ఎలా ఉందంటే హాయిగా ఉందన్నారు. నర్సులు కనబడుతుంటే ధైర్యంగా ఉందా అని అడుగుతూ లెక్కలమ్మాయి ఇచ్చిన కాగితంలోనూ ఎనిమిది మందీ ఉందనే చెప్పారు. సూది చేతిలో పట్టుకున్నవాళ్ల గురించి లేదని ఎవరు చెబుతారు? ఆ మాత్రం తెలియని చదువులు ఎందుకో నాకర్థం కాలేదు.

రిపోర్టు శుక్రవారం ఇవ్వాలి. బుధవారం మధ్యాహ్నం, డ్యూటీ ఇంకో గంటలో ముగుస్తుందనగా, అద్దం గదిలో బీపీలు చూస్తూ ఐదో మంచం దగ్గరికి వచ్చాను. ఆయన దర్జీ. హెర్నియా ఆపరేషన్ జరిగి రెండో రోజు. మనిషి మొహం పాలిపోయి ఉంది. దుప్పటి తీసి చూస్తే కట్టు మొత్తం తడిసి, రక్తం పక్కబట్టలోకి దిగింది. డాక్టరుకు కబురు పెట్టాను. బుల్లి సిస్టరూ నేనూ మంచాన్ని తోసుకుంటూ థియేటరుకు పరిగెత్తాం. కుట్టు ఒకటి తెగింది. మళ్లీ వేశారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేనని డాక్టరు మా ఇద్దరి మొహాలూ చూసి అన్నాడు.

సాయంత్రం దర్జీ తేరుకునేదాకా నేను ఇంటికి వెళ్లలేదు. కళ్లు తెరవగానే కాస్త మంచినీళ్లతో పెదవులు తడిపి, తడి తెలిసి కూడా బెల్లు ఎందుకు నొక్కలేదని అడిగాను. పాడైందేమోనన్నాను. బాగానే ఉందన్నాడు. చెయ్యి అందలేదేమోనన్నాను. అందిందన్నాడు. ఎవరైనా వద్దన్నారా అని గట్టిగా నిలదీశాను.

"నొక్కుదామనే అనుకున్నానమ్మా," అన్నాడు చివరికి. "అంతలో పక్క మంచం ఆయన నొక్కాడు. అది మోగగానే అద్దంలోంచి మీ మొహం కనబడింది. ఆ తర్వాత రెండుసార్లు బటన్ మీద వేలు పెట్టి తీసేశాను."

నీళ్ల గ్లాసు పక్కన పెట్టేశాను.

"మీరు లోపలికొచ్చాక బంగారం లాంటి మనిషమ్మా," అన్నాడు నన్ను ఓదారుస్తున్నట్టుగా. "అక్కడ కూర్చున్నప్పుడే..."

ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు, నేనూ చేయమనలేదు.

ఇరవై రెండేళ్లుగా బెల్లు మోగితే నేనేం చేస్తానో నాకు తెలుసు. కళ్లు మూసుకుంటాను. పళ్లు బిగబడతాయి. నొక్కినవాడు ఎవడైతే వాణ్ని మనసులో ఒక మాట అంటాను. నొప్పి పుట్టే మోకాలి మీద చెయ్యి వేసుకుని లేస్తాను. అక్కడి నుంచి గుమ్మం దాకా ఉన్న పది అడుగుల్లో మొహం సర్దుకుంటాను. గుమ్మంలోకి వచ్చేసరికి నవ్వు ఉంటుంది. ఆ నవ్వు అబద్ధం కాదు, కానీ దానికి ఆ పది అడుగులూ కావాలి. ఇన్నాళ్లూ గోడ ఉంది కాబట్టి సరిపోయింది. నేను గుమ్మడికాయల దొంగ కోసం ఆసుపత్రిలో అందరి భుజాలూ చూశాను, నా భుజం తప్ప.

ఇంటికి వెళ్లి మా ఆయన్ని అడిగాను, నా మొహం ఎలా ఉంటుందని. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ తల ఎత్తకుండానే, "ఏ టైములో?" అన్నాడు. లోపలి గదిలోంచి మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. వీళ్లిద్దరూ కూడా ఇన్నేళ్లుగా బటన్ మీద వేలు పెట్టి తీసేస్తున్నారన్నమాట.

నోరు మూసుకుంటే సరిపోతుంది. దర్జీ ఇంకెవరికీ చెప్పే మనిషి కాదు. కుట్టు తెగడం కుట్టు ఖాతాలోకి పోతుంది. కానీ బుల్లి సిస్టర్ మూడు గంటలు బస్సెక్కాలి. చెబితే ఆసుపత్రంతా తెలుస్తుంది. ఉత్తమ నర్సు అని ఆసుపత్రివాళ్లు ఫొటో ఫ్రేము కట్టించి గోడకు పెట్టిన మనిషి మొహం చూసి రోగి రక్తం కారుతున్నా బెల్లు నొక్కలేదని. తలుచుకుంటేనే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తెల్లారి నిద్ర లేచేసరికి నా సిగ్గు కంటే ఆ పాప పాలు ముఖ్యమనిపించింది.

గురువారం లెక్కలమ్మాయి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బెల్లులు తగ్గింది ధైర్యం వల్ల కాదని, భయం వల్లనని చెప్పాను. దర్జీ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. రాసుకోమన్నాను.

ఆమె రాయలేదు. ట్యాబ్లెట్ నా వైపు తిప్పింది. రోజుకో గీత, నెలరోజుల గీతలు. నేను వారపు సెలవులో ఉన్న నాలుగు రోజులూ, జ్వరమొచ్చి రాని రెండు రోజులూ రెండు గదుల్లోనూ బెల్లులు ఇంచుమించు సమానం. నేను వచ్చిన రోజు అద్దం గదిలో సగానికి పడిపోయేవి.

ఇది తనకు పది రోజుల క్రితమే కనబడిందని చెప్పింది. కారణం తెలియకుండా గీతలు మాత్రమే చూపిస్తే కాకతాళీయమని కొట్టిపారేస్తారని ప్రొఫెసరు అన్నారట. ఇప్పుడు కారణం దొరికింది కాబట్టి రిపోర్టు మారుతుందని, ఈ లెక్క పట్టుకుని నర్సును తగ్గించడం ప్రమాదమని స్పష్టంగా రాస్తామని, బుల్లి సిస్టర్‌కు ఆ సంగతి నన్నే చెప్పమని అంది. గుండెల మీద బరువు దిగింది. వెంటనే ఒళ్లు మండింది కూడా. పది రోజులు ముందే తెలిసి ఉంటే దర్జీ పక్కబట్ట తడిసేది కాదు.

"మరి ఇన్నాళ్లూ నన్నే అడగొచ్చు కదా?" అన్నాను.

"మూడుసార్లు మీ బల్ల దాకా వచ్చాను సిస్టర్," అంది ఆ అమ్మాయి. "మీ మొహం చూసి వెనక్కి వెళ్లిపోయాను."

నాకు కోపం వచ్చింది. అది మొహంలోకి కూడా వచ్చే ఉండాలి, ఆ అమ్మాయి తన కుర్చీని ఒక జానెడు వెనక్కి జరుపుకుంది.